ఆర్సీలో ఆ చిన్న గడి

మా నాయనకు చిత్తూరులో ముప్పై ఏళ్ళు లారీ షెడ్డు ఉండేది. బండి చూడ్డానికి పోతే ఆయన ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వేడి తగిలిందంటే ఇక లోపల చూడడు. "మనం వస్తామని ముందే స్టార్ట్ చేసి పెట్టినాడు. చల్ల ఇంజను మోత మన చెవిన పడకూడదని" అంటాడు. పోయినేడాది నేను సెకండ్ హ్యాండ్ జర్మన్ సెడాన్ కోసం తిరిగిన నాలుగు నెలలూ ఆ చెయ్యి నా వెంటే ఉంది.

నాది మామిడి గుజ్జు వ్యాపారం. తోతాపురి సీజన్‌లో వారానికి రెండుసార్లు బెంగళూరు, ఒకసారి చెన్నై. నడుము పట్టేసి, డాక్టరు మంచి సీటున్న బండి చూసుకోమన్నాక పదహారు లక్షల లోపల వెతకడం మొదలుపెట్టాను.

మొదట్లో నేనూ అందరిలాగే "ఏ కంపెనీ మంచిది" అని అడుగుతూ తిరిగాను. బెంగళూరులో ఒక బ్రోకరు "2013 మోడల్ సార్" అని ఒక బండి చూపించాడు. మాట దాదాపు కుదిరిపోయింది. నాయన ఆర్సీ అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తయారైన నెల, సంవత్సరం ఉండే చిన్న గడి మీద వేలు పెట్టాడు. 10/2012. రిజిస్ట్రేషన్ మాత్రం 2013 ఆగస్టు. పది నెలలు ఎక్కడో యార్డులో ఎండకు ఎండిన బండి అది. అడ్వాన్సు ఇవ్వకుండానే తిరిగొచ్చాం.

ఆ రోజు నుంచి నేను కంపెనీ పేరు వదిలేసి ఇంజను పేరు, అది తయారైన కాలం పట్టుకున్నాను. ఒకే బ్యాడ్జి, ఒకే రూపం, కానీ లోపల మనిషే వేరన్నట్టుంటుంది. బీఎండబ్ల్యూ రెండు లీటర్ల డీజిల్ ఎన్‌47 సంగతే చూడండి. 2007 నుంచి 2011 మొదటి దాకా తయారైనవాటిలో టైమింగ్ చైన్, అంటే ఇంజను లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు, అరిగి తెగిపోతుందని ప్రపంచమంతా ఫిర్యాదులు వచ్చాయి. పైగా ఆ చైన్ ఇంజనుకు వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. ఈ మాట చెబితే నాయన నమ్మలేదు. "వెనకాల పెట్టినారా? ఇంజను దించకుండా ఎట్ల మారుస్తారు రా?" అన్నాడు. లారీల్లో టైమింగ్ పళ్ళచక్రాలు ముందువైపు చూసిన మనిషి మరి. 2014లో దాని బదులు బి47 వచ్చింది. అందుకే బీఎండబ్ల్యూ 520డి కారు కొనేవాళ్ళు ఆ పేరు చూసి ఆగిపోకుండా, లోపల ఏ ఇంజను ఉందో ఛాసిస్ నంబరు ఇచ్చి సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవాలి.

ఆడీ ఏ4లో 2009, 2011 మధ్య వచ్చిన టర్బో పెట్రోల్ ఇంజన్లు ఆయిల్ తాగుతాయి. పిస్టన్ రింగుల లోపం అది. అమ్మేవాణ్ణి "ఎన్ని కిలోమీటర్లకు లీటరు పోస్తున్నావు" అని మామూలుగా అడగండి. చాలామంది నిజమే చెప్పేస్తారు, అది తప్పని వాళ్ళకూ తెలియదు కాబట్టి. మెర్సిడెస్ 2143 సీసీ డీజిల్‌కు తొలి సంవత్సరాల్లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఏడిపించాయి. తరువాత వేరే రకం ఇంజెక్టర్లు పెట్టాక అదే ఇంజను లక్షల కిలోమీటర్లు తిరిగే గట్టి ఇంజనని పేరు తెచ్చుకుంది.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూశాక నాకొకటి తేలింది. ఒక తరం బండి వచ్చిన మొదటి రెండేళ్ళు దాని జోలికి పోకూడదు, ఆఖరి రెండేళ్ళలోది దొరికితే వదలకూడదు. మెర్సిడెస్ ఈ-క్లాస్‌లో డబ్ల్యూ212 అనే తరం 2009లో వచ్చి 2016లో ఆగింది. నేను 2015, 2016 మాత్రమే వెతికాను. తరం మారితే పాతదాని ధర పడుతుంది, లోపాలేమో అప్పటికే సర్దుకుని ఉంటాయి. మనబోటి వాళ్ళకు ఇంతకంటే మంచి బేరం లేదు.

చెన్నై బండ్లంటే మాత్రం సంవత్సరంతో పాటు నెల కూడా చూడాల్సిందే. 2015 డిసెంబరు వరదలోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానులోనూ ఎన్నో కార్లు మునిగాయి. మన తిరుపతిలోనూ 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి మరిచిపోలేం. అడయార్ దగ్గర ఒక బండి అద్దంలా మెరుస్తోంది. నేను వెనక సీటు బెల్టు చివరిదాకా లాగాను. ఆఖరి జానెడులో మట్టి చార. స్టెప్నీ కింద వేలు పెడితే సన్నని బురద పొడి. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడిగితే అమ్మేవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. బెల్టు కడిగినా లోపల చుట్టుకున్న ముక్క ఎవరూ కడగరు. అది గుర్తుపెట్టుకోండి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లకు పెట్టిన నిషేధం వల్ల అక్కడివి చవగ్గా దొరికేవి, కానీ ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్స్, రవాణా అన్నీ కలిపి కాగితం మీద లెక్క వేశాక ఆ చవక నాకు కనిపించలేదు.

చివరికి ఆ ఈ-క్లాస్ బండి తిరుపతిలోనే దొరికింది. ఒక డాక్టరుగారిది, 09/2015, అన్ని సర్వీసు బిల్లులూ ఒక ఫైల్లో. పొద్దున ఆరింటికి పోయాం. నాయన చెయ్యి పెట్టాడు, మంచులా ఉంది. తాళం తిప్పాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నాడు. డాక్టరుగారిని అడిగి బండిని కొండకు తీసుకెళ్ళాను. అలిపిరి దాటి రెండో ఘాట్‌లో నలుగురు ఎక్కి, ఏసీ పెట్టి, మలుపుల్లో ఆగి ఆగి ఎక్కించాను. టెంపరేచర్ ముల్లు కదల్లేదు, గేర్లు మారేటప్పుడు జర్కు లేదు. స్వామి దర్శనం చేసుకుని, చల్లబడిన ఇంజనును మళ్ళీ విని, మొదటి ఘాట్‌లో దిగాం. బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణికింది. ముందు డిస్కులు వంకర పోయాయి. అది ఆ డాక్టరుగారికీ తెలియదు పాపం. ఆ ఖర్చు ధరలో తగ్గించుకున్నాం.

కొన్నాక డిస్కులు, గేర్‌బాక్స్ ఆయిల్, ఇంజను మౌంటులు మార్పించాను. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాను, ఇప్పటిదాకా దారిలో ఆగలేదు. మొన్న పుత్తూరు నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేసి, "అన్నా, ఒక 520డి చూసినా, నల్లది, శానా బాగుండాది" అన్నాడు. ముందు ఆర్సీ ఫోటో పంపమన్నాను. 12/2010. డబ్బులు ఇయ్యొద్దు, ఆదివారం నాయన్ని తీసుకుని వస్తున్నానని చెప్పాను.