నాన్నగారి సీడీలు, కంప్యూటర్‌లో కచేరీ

మా నాన్నగారు ఇరవై ఏళ్లపాటు కొనుక్కుంటూ వచ్చిన కర్ణాటక సంగీతపు సీడీలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. వాటిని సీడీ ప్లేయర్‌లోనే వినాలా, కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని వినాలా అన్నది చాలాకాలం తేలలేదు. మొదటిసారి కంప్యూటర్‌లో పెట్టి విన్నప్పుడు తంబురా శ్రుతిలో నిండుదనం తగ్గినట్టు, వయొలిన్ కాస్త గరుకుగా పలికినట్టు అనిపించి, కంప్యూటర్ సంగీతానికి పనికిరాదని తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం సరైనది కాదు.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1980లో కలిసి ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో రాస్తారు. ఆ అంకెలను తప్పు లేకుండా చదవడం ఒక పని, వాటిని తిరిగి ధ్వనిగా మార్చడం మరొక పని. సీడీ ప్లేయర్ ఈ రెంటినీ ఒకే పెట్టెలో చేస్తుంది కాబట్టి వాటిని విడదీసి చూడాలన్న ఆలోచన మనకు రాదు.

చదవడంలో కంప్యూటర్‌దే పైచేయి. సీడీ మీద సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర సమాచారం చెడిపోయినా, అందులోనే ఉన్న దోష సవరణ ఏర్పాటు దాన్ని పూర్తిగా సరిచేయగలదు. నష్టం అంతకు మించితే, పాట ఆగకూడదు కాబట్టి ప్లేయర్ అటూ ఇటూ ఉన్న కొలతలను బట్టి మధ్యలోని దాన్ని ఊహించి నింపుతుంది. కంప్యూటర్‌లో రిప్ చేసేటప్పుడు, అంటే సీడీలోని పాటను ఫైలుగా ఎక్కించుకునేటప్పుడు, ఆ తొందర లేదు. గీతలు పడిన ఒక సీడీలోని రాగం తానం పల్లవిని ఎక్సాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ చదివిన చోటే మళ్లీ మళ్లీ చదివి, దాదాపు గంటసేపటికి పూర్తి చేసింది. అదే సీడీని రిప్ చేసిన ఇతరుల ఫలితాలతో నాది సరిపోయిందని చూసినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

మరి ఆ గరుకుదనం ఎక్కడిది? నేను వాడినది కంప్యూటర్‌కు ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రం. లోపలి విద్యుత్ రొద అందులోకి చేరుతోంది. పైగా ధ్వనిని మెరుగుపరుస్తామని చెప్పే సెట్టింగులు నాకు తెలియకుండానే పనిచేస్తున్నాయి. వాటిని ఆపేసి, యూఎస్‌బీ ద్వారా విడిగా ఒక డాక్ (అంకెలను ధ్వనిగా మార్చే పరికరం) పెట్టి, అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ కలిపే విండోస్ మిక్సర్ ప్రమేయం లేకుండా, డాక్‌ను ఒక్క ప్రోగ్రాముకే అప్పగించే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో వినిపించాను. ఇలాంటి డాక్‌లలో చాలావాటికి సొంత గడియారం ఉంటుంది. సమాచారం ఎప్పుడు ఎంత పంపాలో అదే కంప్యూటర్‌కు చెబుతుంది కాబట్టి జిట్టర్ (కొలతలు వెలువడే సమయంలో వచ్చే చిన్న హెచ్చుతగ్గులు) గురించిన భయం చాలావరకు అనవసరం.

ఆ తర్వాత సీడీ ప్లేయర్ ఆప్టికల్ అవుట్‌పుట్‌ను కూడా అదే డాక్‌కు కలిపి, శబ్దం స్థాయిని రెండింటికీ సమానం చేశాను. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అర డెసిబెల్ హెచ్చుగా ఉన్నది మన చెవికి హెచ్చుగా కాక మెరుగ్గా తోస్తుంది. నా వెనక నిలబడి మా అబ్బాయి మార్చిమార్చి వినిపించగా, ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.

కంప్యూటర్‌తో నిజమైన కష్టం పేర్ల దగ్గర వచ్చింది. ఇంటర్నెట్ నుంచి వచ్చే వివరాల్లో గాయకుడి పేరు ఉంటుంది కానీ రాగం, తాళం, వాగ్గేయకారుడు, పక్కవాద్యాలు సాధారణంగా ఉండవు. ఒకే రాగం ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు రకాలుగా ఉంటే వెతికినా దొరకదు. నాణ్యత తగ్గకుండా పాటను కుదించి దాచే ఫ్లాక్ ఫైళ్లలో మనకు కావలసిన వివరాలను మన ఇష్టం వచ్చిన శీర్షికలతో చేర్చుకోవచ్చు కాబట్టి, కవర్ల మీది వివరాలన్నింటినీ తెలుగులో నేనే టైపు చేస్తున్నాను. ఇప్పుడు తోడి అని కొడితే ఇంట్లో ఉన్న తోడి అంతా ఒకచోటికి వస్తుంది. ఏ సీడీ ప్లేయరూ నాకు ఇవ్వలేని సౌకర్యం ఇది.

ఆలాపన ఒక ట్రాక్‌లో, కృతి తరువాతి ట్రాక్‌లో ఉన్నప్పుడు మధ్యలో క్షణమైనా విరామం రాకుండా వినిపించే సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. తంబురా ఒక్కసారి తెగితే శ్రుతి చెదిరినట్టే ఉంటుంది. ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో దాచాను. ప్లేయర్ మాత్రం హాల్లోనే ఉంది. అమ్మ పొద్దున్నే సీడీ పెట్టుకోవడానికి ఏ స్క్రీనూ తెరవనక్కరలేదు.