ఇంట్లో ఫోనుంది సరే, ఎవరి చేతిలో ఉంది? డెల్టా ఊళ్ళలో మొబైల్ సర్వే: నా అనుభవం

దేశంలో మొబైల్ కనెక్షన్లు ఎన్నున్నాయో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా చెబుతూనే ఉంటుంది. కొన్నేళ్ళుగా ఆ సంఖ్య వంద కోట్లు దాటే ఉంటోంది. అది సిమ్‌ల లెక్క, మనుషుల లెక్క కాదు. భీమవరం వైపు ఒక రొయ్యల రైతుని తీసుకోండి. జేబులో ఫోన్‌కి రెండు సిమ్‌లు, చెరువు గట్టు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల మోటారుకి పెట్టిన ఆటో స్టార్టర్లో ఇంకో సిమ్. మూడు కనెక్షన్లు, మనిషి ఒక్కడే. అదే ఇంట్లో ఆవిడకి సొంతంగా ఒక్కటీ లేకపోవచ్చు. ఆ తేడా తేలాలంటే ఇంటింటికీ వెళ్ళి, మనిషి మనిషినీ అడగాలి. కోనసీమ, పశ్చిమ గోదావరి ఊళ్ళలో ఆ పని చేశాను. ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మొదటి పని ఇళ్ళ జాబితా. డెల్టాలో ఇది తేలిక కాదు. రోడ్డు పక్క ఊరైతే వీధి పట్టుకుని పోవచ్చు. కోనసీమలో కొబ్బరితోటల మధ్య ఇల్లు ఇక్కడొకటి, అక్కడొకటి ఉంటుంది. తోట దాటి వెనక్కి వెళ్తే తప్ప కనపడదు. అందుకని ముందు పంచాయతీలో తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి ఊరి బొమ్మ గీయించాలి: పంట కాలువ, చెరువులు, గుడి, చర్చి, పేటలు. పేట వదిలేస్తే ఒక వర్గం జనమంతా లెక్కలోంచి పోయినట్టే. గోదావరి మధ్య ఉండే లంక గ్రామాలైతే పడవ వేళలు కనుక్కోవాలి. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక జారీ చేశారంటే ఆ ఊళ్ళ పని వాయిదా వేసుకోవాల్సిందే.

ఎక్కువగా జారిపోయేది చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు. వేరే జిల్లాల నుంచి, ఒడిశా నుంచి వచ్చి గట్టు మీద షెడ్డులోనే కాపురం పెట్టినవాళ్ళుంటారు. ఊరివాళ్ళని అడిగితే 'వాళ్ళు మన ఊరోళ్ళు కాదండి' అంటారు. ఆర్నెల్లు దాటి అక్కడే ఉండి, అక్కడే వండుకు తింటుంటే అది ఒక కుటుంబమే. షెడ్డుకీ నంబరు వేయాలి.

జాబితా అయ్యాక ఇళ్ళ ఎంపిక. ఉదాహరణకి జాబితాలో 240 కుటుంబాలు వచ్చాయి, 8 కావాలి అనుకుందాం. 240ని 8తో భాగిస్తే 30. ఒకటి నుంచి 30 లోపు ఒక అంకెని చీటీ తీసినట్టు తీస్తాం. 17 వచ్చిందంటే 17, 47, 77 అలా 227 దాకా. ఆ ఇల్లే చేయాలి. తాళం ఉందని పక్కింట్లో కూర్చోకూడదు. పగలు ఇంట్లో దొరికేవాళ్ళు ముసలివాళ్ళు, బయటికి వెళ్ళనివాళ్ళు. వాళ్ళతోనే నింపేస్తే ఫోన్ వాడకం తక్కువగా కనిపిస్తుంది. ఊడ్పుల రోజుల్లో కూలికి వెళ్ళే ఆడవాళ్ళు తెల్లవారకుండానే బయల్దేరతారు. వాళ్ళకోసం మధ్యాహ్నం పొద్దు వాలాకో సాయంత్రమో వెళ్ళాలి. ఒక్కో ఊళ్ళో ఇళ్ళు పెంచే బదులు ఊళ్ళ సంఖ్య పెంచడమే మేలు. ఒకే ఊరివాళ్ళకి టవరూ ఒకటే, ఫోన్ల కొట్టూ ఒకటే, అలవాట్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇరవయ్యో ఇల్లు చెప్పే కొత్త సంగతి పెద్దగా ఉండదు.

గడపలో చెప్పే మొదటి మాటల్లోనే సగం పని తేలిపోతుంది. మనవాళ్ళకి రెండు భయాలున్నాయి. స్మార్ట్‌ఫోన్ ఉందని రాస్తే బియ్యం కార్డో పింఛనో పోతుందని ఒకటి. ఓటీపీ అడిగి బ్యాంకులో డబ్బు లాగేస్తారని రెండోది. రెండూ ఊరికే పుట్టిన భయాలు కావు. అందుకే ముందే చెప్పేస్తాం: ఆధార్ నంబరు అడగం, ఓటీపీ అడగం, మీ ఫోన్ ముట్టుకోం, పేర్లు లెక్కల్లోకి రావు, ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు. ఎవరైనా ఎప్పుడైనా మోసపోయామని చెబితే సైబర్ ఫిర్యాదుల నంబరు 1930 కాగితం మీద రాసిచ్చి వస్తాం.

తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉంటారో రాయాలి. హాస్టల్లో ఉండే పిల్లల్ని హాస్టల్ దగ్గరే లెక్కిస్తారు, ఇంటి దగ్గర కాదు. గల్ఫ్ వెళ్ళి ఆర్నెల్లు దాటినవాళ్ళూ ఈ ఇంటి సభ్యులు కారు. అమలాపురం, రాజోలు చుట్టుపక్కల అది చాలా ఇళ్ళ సంగతి. తల్లి కువైట్‌లో ఉంటుంది. ఆవిడ పంపిన ఫోన్ ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటుంది, సాయంత్రం పిల్లలు దాంట్లో వీడియో కాల్ చేస్తారు. తల్లి పేరు జాబితాలో రాకూడదు. ఆ ఫోన్ మాత్రం ఈ ఇంటిదే.

ఇక అసలు ప్రశ్న: ఫోన్ ఎవరికి ఉన్నట్టు? అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ నిర్వచనం చాలా దేశాల సర్వేలకి ఆధారం. దాని ప్రకారం మనిషి దగ్గర సొంత వాడకానికి ఫోన్ ఉండాలి, అందులో పనిచేసే సిమ్ కనీసం ఒకటి ఉండాలి. గత మూడు నెలల్లో వాడి ఉండాలి. సిమ్ ఎవరి పేరు మీదుందన్నది లెక్కలోకి రాదు. కంపెనీ ఇచ్చిన ఫోన్ సొంతానికీ వాడుకుంటుంటే అదీ సొంతమే. ఫోన్ లేకుండా ఉత్త సిమ్ ఒక్కటే ఉంటే ఉన్నట్టు కాదు.

కాగితం మీద తేలిగ్గా ఉన్న ఈ సంగతి అరుగు మీదకి వచ్చేసరికి ఇలా మారుతుంది.

'మామ్మగారూ, మీకు ఫోనుందాండీ?'

'నాకెక్కడిదమ్మా, మా అబ్బాయిది.'

చాలామంది ఇక్కడ 'లేదు' నొక్కేసి ముందుకు పోతారు. ఇంకో ప్రశ్న అడగాలి. 'మీ అమ్మాయిగారు మీతో మాట్లాడాలంటే ఏ నంబరుకి చేస్తారండీ?'

మామ్మగారు బొడ్లో సంచి విప్పి, రబ్బరు బ్యాండు చుట్టిన చిన్న బటన్ల ఫోన్ తీస్తారు. వెనక కాగితం అంటించి మనవడు నంబరు రాశాడు. రెండు నొక్కి పట్టుకుంటే కొడుకు, మూడు నొక్కి పట్టుకుంటే కూతురు. 'ఇదేనమ్మా. కార్డు అబ్బాయి పేరు మీదుంది కదా, అందుకని.' నిర్వచనం ప్రకారం ఆ ఫోన్ ఆవిడదే. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే వయసు మళ్ళిన ఆడవాళ్ళలో సగం మంది మాయమైపోతారన్నా నాకు అతిశయోక్తి అనిపించదు.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. ఇంటాయన 'మా ఆవిడకి కొనిచ్చానండి' అంటారు. ఆవిడని విడిగా అడిగితే, ఉదయం పొలానికి ఆయన పట్టుకెళ్తారు, సాయంత్రం అబ్బాయి ఆటలు ఆడతాడు, ఆవిడ చేతికొచ్చేది రాత్రి ఎనిమిది తర్వాత. అందుకే మేం మూడు మాటలు అడుగుతాం: ఎవరినీ అడగకుండా తీసి కాల్ చేసుకోగలరా? మీరు బయటికెళ్తే అది మీతో వస్తుందా? లాక్ నంబరు మీకు తెలుసా? మూడింటికీ 'లేదు' అంటే వాడుకదారు అని రాస్తాం, సొంతం అని రాయం. ఒకరి జవాబు ఇంకొకరి నోటి నుంచి తీసుకోకూడదు, ముఖ్యంగా భార్య జవాబు భర్త నోటి నుంచి. ఆడవాళ్ళ దగ్గర ఆడవాళ్ళే కూర్చుని, వీలైతే వంటింటి వైపు కూర్చుని అడిగితే మాట బయటికొస్తుంది.

దేశం మొత్తానికి వచ్చిన అంకెల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. 2025 జనవరి నుంచి మార్చి దాకా జాతీయ నమూనా సర్వే వాళ్ళు చేసిన టెలికాం సర్వేలో, కనీసం ఒక స్మార్ట్‌ఫోన్ ఉన్న కుటుంబాలు 85.5 శాతం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము వాడుకునే మొబైల్ తమకుందన్న 15-49 ఏళ్ళ మహిళలు 53.9 శాతం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి 'ఇంత పెరిగింది' అనకూడదు. ఏళ్ళు వేరు, లెక్కించినదీ వేరు. ఒకటి ఇంటిని లెక్కపెట్టింది, ఇంకోటి మనిషిని.

వాడకం దగ్గరికొస్తే, 'ఇంటర్నెట్ వాడతారా?' అని అడగొద్దు. 'అబ్బే లేదండి' అంటారు, చేతిలో యూట్యూబ్ ఆడుతూనే ఉంటుంది. ఒక్కో పనీ పేరు పెట్టి అడగాలి: గత మూడు నెలల్లో యూట్యూబ్ చూశారా, వాట్సాప్‌లో ఫొటో పంపారా, ఫోన్‌పేలో డబ్బు ఇచ్చారా, ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్ మాట్లాడారా. అక్షరం రానివాళ్ళు మైకు బొమ్మ నొక్కి మాట పంపుతారు. అది కూడా వాడకమే, వేరే గడిలో రాయాలి. అదే ఆరోగ్య సర్వేలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 21 శాతమే, మగవాళ్ళలో 48.8. ఆ తేడాలో చాలా భాగం నిజం. అడిగే తీరు వల్ల ఇంకాస్త పెరిగే వీలూ ఉందని క్షేత్రంలో తిరిగాక నాకనిపించింది.

రోజుకి ఎన్ని గంటలన్న ప్రశ్నకి నోటి జవాబు నిలవదు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో, ఫోన్ ఎంతసేపు వాడారో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది. వాళ్ళ చేతే తెరిపించి, నిన్నటి అంకె వాళ్ళనే చదవమంటాం. కాకపోతే ఫోన్ ముగ్గురు వాడేదైతే ఆ గంటలు ముగ్గురివీ. అప్పుడు మనిషి పేరు మీద రాయకూడదు.

ఖర్చు లెక్కలో ఒక చిన్న మెలిక ఉంది. రీఛార్జి ఎక్కువమందికి 28 రోజులది, నెలది కాదు. 28 చొప్పున 13 సార్లు వేస్తేనే 364 రోజులు. 299 రూపాయలు వేశానంటే దాన్ని 28తో భాగించి 30తో హెచ్చించాలి, సుమారు 320. 84 రోజుల ప్యాకైతే 84తో భాగించాలి. నేరుగా 'నెలకెంత?' అని అడిగితే ఎవరి లెక్కలో వాళ్ళు చెబుతారు.

ఇంట్లో 18 ఏళ్ళు దాటిన ఒక్కరినే ఎంచుకుని లోతుగా అడిగే పద్ధతిలో ఇంకో జాగ్రత్త కావాలి. ఆ ఇంట్లో 18 దాటినవాళ్ళు నలుగురుంటే ఆ ఒక్కరి జవాబుకి నాలుగింతల బరువు ఇవ్వాలి, అంటే నలుగురి తరఫున లెక్కించాలి. 30 ఇళ్ళకి ఒకటి ఎంచాం కాబట్టి ఆ పైన ఇంటి బరువు 30తో హెచ్చించాలి, అంటే 120. ఒంటరిగా ఉండేవాళ్ళకి 30 మాత్రమే. ఈ హెచ్చవేత మర్చిపోతే ఉమ్మడి కుటుంబాల్లో కోడళ్ళ మాట లెక్కలో పలచబడిపోతుంది. ఫోన్ పంచుకునేది ఎక్కువగా వాళ్ళే.

చివర్న తనిఖీ. పర్యవేక్షకులు కొన్ని ఇళ్ళకి ఫోన్ చేసి, సర్వే నిజంగా జరిగిందా అని అడుగుతారు. ఇంకొకరి ఫోన్ వాడుకునే ఆడవాళ్ళ విషయంలో ఆ కాల్ ఎత్తేది భర్తో కొడుకో. వాళ్ళు చెప్పింది చూసి ఆవిడ జవాబు దిద్దేస్తే ముందు చేసిన పనంతా పోతుంది. సొంత ఫోన్ లేదని రాసిన వాళ్ళ తనిఖీ ఇంటికి వెళ్ళే చేయాలి, అదీ వేరే మనిషి. తనిఖీ ముగిసిన రోజే ఫోన్ నంబర్ల జాబితా ట్యాబ్‌లోంచి చెరిపేసి, చెరిపినట్టు రిజిస్టర్లో సంతకం తీసుకోవాలి.