మా ఆఫీసు బ్రిటిష్ వాళ్ళు, వాళ్ళ బీబీసీ, మా అమ్మ టీవీ

"ఫోన్లో నాలుగు వీడియోలు చూసొచ్చి మా ఊరి గురించి నాకు చెప్పకు" అని మా సీనియర్ క్యూఎస్ (క్వాంటిటీ సర్వేయర్, అంటే కట్టడాల ఖర్చు లెక్కలు చూసేవాడు) అందరి ముందూ అనేశాడు. 2024 ఆగస్టు మొదట్లో, సోమవారం పొద్దున, మీటింగ్‌కి ముందు కాఫీ మెషిన్ దగ్గర. నేనడిగిందల్లా మీ వాళ్ళంతా క్షేమమేనా అని. ఆయనది ఇంగ్లండ్‌లో షెఫీల్డ్. ముందురోజే పక్కనున్న రోథరమ్‌లో, ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళని ఉంచిన హోటల్ మీద జనం పడి అద్దాలు పగలగొట్టి నిప్పు పెట్టారు. ఆ వీడియో మా దుబాయ్ ఆఫీసులో చూడనివాడు లేడు, ఆఖరికి టీ ఇచ్చే నేపాలీ కుర్రాడు కూడా చూశాడు. మన దగ్గర అలాంటప్పుడు అడక్కపోతే తప్పు, ఇక్కడ అడిగితే తప్పయింది.

ఇంటికొచ్చినా అది బుర్రలోంచి పోలా. మాట పడటం ఏముంది, కాంట్రాక్టింగ్‌లో ఉన్నవాడికి రోజూ ఉండేదే. నాకు మింగుడు పడనిది ఏంటంటే ఇదే మనిషి ఏప్రిల్‌లో ఇదే మెషిన్ దగ్గర నిలబడి బీబీసీ వాళ్ళకి దుబాయ్ గురించి ఏం తెలుసు అని వారం రోజులు మమ్మల్ని కూర్చోబెట్టి క్లాసు పీకాడు.

ఏప్రిల్ 16 వాన గుర్తుంది కదా. 1949లో రికార్డులు రాయడం మొదలెట్టినప్పట్నుంచి ఈ దేశంలో అంత వాన పడలేదంట, అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లా అనే చోట ఒక్క రోజు తిరక్కముందే 254.8 మిల్లీమీటర్లు. షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు తేలాయి, ఎయిర్‌పోర్టు రన్‌వే చెరువైంది, ఈయన విల్లా హాల్లోకి మోకాలి లోతు నీళ్ళు. సోఫా పోయింది, కార్పెట్లు పోయాయి, వాటి గురించి మనిషి ఒక్క మాట అనలేదు. కోపమంతా వార్తల మీద. ప్రపంచమంతా మేఘమథనం వల్లే ఇలా అయింది అని మొదలెట్టింది కదా, అదీ బాధ. (మేఘమథనం అంటే మనకి అనంతపురం గుర్తొస్తుంది, మబ్బులో ఉప్పు చల్లితే నాలుగు చినుకులు పడతాయేమోనని ఆకాశం వంక చూసిన రోజులు, అలాంటిది అది ఊరినే ముంచేసింది అంటే మా రాయలసీమ స్నేహితుడు పడీ పడీ నవ్వాడు.) ఇక్కడి వాతావరణ కేంద్రం ఆ తుపానులో మేఘమథనం విమానాలు అసలు ఎగరలేదని చెప్పింది, సైంటిస్టులు కూడా దానివల్ల అంత వాన రాదన్నారు. నిజానికి బీబీసీ కూడా దానివల్ల కాదనే వివరంగా రాసింది, నేను చదివాను. అయినా ఈయనకి సరిపోలేదు, హెడ్డింగులో దాన్నొక ప్రశ్నగా పెట్టడమే కుట్ర అంటాడు. కూర్చుని పెద్ద కంప్లయింట్ రాసి పంపించాడు కూడా. ఆ వానకే పక్కన ఒమాన్‌లో స్కూలు పిల్లలు కొట్టుకుపోయి చనిపోయారు, ఆ మాట ఆ వారమంతా మా ఆఫీసులో ఎవరి నోటా పెద్దగా రాలేదు, ఈయన నోటా రాలేదు.

తర్వాత లంచ్‌లో అసలు సంగతి బయటపడింది. షెఫీల్డ్‌లో వాళ్ళమ్మ ఉంది, ఎనభై దాటింది, సాయంత్రం ఆరింటికి బీబీసీ వార్తలు చూడందే ఆవిడకి పొద్దు గడవదు. ఆ వార్తల్లో దుబాయ్ మునిగిపోయింది. ఆవిడ ఫోన్ చేసి, నేను ముందే చెప్పాను కదా ఆ ఎడారిలో నీకేం పనని, అందంట. అదీ కథ. వార్త తప్పయినందుకు కాదు, ఆ వార్త వాళ్ళమ్మ చూసింది, అందుకని కోపం. ఇరవై ఏళ్ళ కింద ఊరొదిలి వచ్చినప్పుడు పడిన గొడవ టీవీ మళ్ళీ మొదటికి తెచ్చింది. ఈ లెక్కన ఆగస్టులో నా మీద అరిచింది కూడా అర్థమవ్వాలి, అప్పుడు కథ తిరగబడింది అంతే, ఈసారి ఆ ఊరు పరువు ఈ ఊళ్ళో పోయింది, అది కూడా నాలాంటి కింది ఉద్యోగి ముందు. అర్థమైంది, కానీ కోపం తగ్గలా.

ఇక్కడి బ్రిటిష్ వాళ్ళందరిదీ ఇదే గోల. వాళ్ళ పేపర్లలో దుబాయ్‌కి రెండే మొహాలు: ఒకటి టాక్స్ కట్టక్కర్లేని బంగారు ఊరు, రెండోది చిన్న తప్పుకి టూరిస్టుని జైల్లో పడేసే ఊరు. ఈ రెంటికీ మధ్య పొద్దున్నే లేచి పిల్లల్ని స్కూల్లో దింపి ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ ఆఫీసుకొచ్చే మనిషి ఎక్కడా కనపడడు. ఇది మాత్రం న్యాయమైన ఫిర్యాదే. మన చానళ్ళలో మాత్రం? అబుధాబి బిగ్ టికెట్ లాటరీ కొట్టిన తెలుగోడు, లేకపోతే ఎజెంటు మోసం చేశాడు కాపాడండి సారూ అని సెల్ఫీ వీడియో పెట్టిన తెలుగోడు. మధ్యలో మనం లేం. మా జగిత్యాల తమ్ముడు ఒకడున్నాడు, స్టోర్ కీపర్, ఈ సంగతి చెప్తే వాడు, "గాళ్ళకు బీబీసీ ఒక్కటే ఉన్నది అన్నా, గంత బాధైతాంది, మనకు పదిహేనున్నయ్, మనమేం గావాలె" అన్నాడు.

నాకు ఎక్కువ మండేది ఇంకోటి ఉంది. వీళ్ళు బీబీసీని తిట్టే తీరు చూడాలి, ఏదో వాళ్ళ సొంత పాలేరుని తిట్టినట్టు. అక్కడ ఇంట్లో లైవ్ టీవీ చూడాలంటే ఏడాదికి లైసెన్సు డబ్బులు కట్టాలి, బీబీసీ నడిచేది వాటితోనే, అప్పట్లో 169 పౌండ్ల 50 పెన్నీలు. ఈయన ఇరవై ఏళ్ళుగా ఒక్క పెన్నీ కట్టలేదు, పైగా బీబీసీ వాళ్ళ వీడియో యాప్ ఐప్లేయర్ దేశం బయట రావట్లేదని మళ్ళీ దానికో ఏడుపు. ఓటు సంగతీ అంతే. దేశం వదిలి 15 ఏళ్ళు దాటితే ఓటు పోయే రూలుండేది, దాన్ని 2024 జనవరిలో ఎత్తేశారు, దాంతో జులై ఎన్నికల ముందు రోజూ వాళ్ళ రాజకీయాలే, ఏ చానల్ ఎవరి పక్కన ఉంది, ఏ పేపర్ అమ్ముడుపోయింది అని. మరి ఇక్కడి పేపర్ల మీద అలా ఒక్కమాట అంటారా? అనరు. 2021లో తెచ్చిన సైబర్ చట్టం ప్రకారం తప్పుడు వార్త పంచితే ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా నుంచి మొదలు, ఆపద సమయాల్లో అయితే రెండేళ్ళు, రెండు లక్షలు. వాన రోజుల్లో ఈయనే మా గ్రూపులో ఎవరూ వీడియోలు ఫార్వర్డ్ చెయ్యొద్దని మెసేజ్ పెట్టాడు. అది తెలివైన పనే, నేను తప్పు పట్టను, నేనూ చెయ్యలేదు. కానీ అంత జాగ్రత్తగా నోరు మూసుకునే మనిషి, తిట్టినా ఏమీ అనని ఆ ఒక్క బీబీసీ మీదే మగతనమంతా చూపిస్తుంటే నాకు చూడబుద్ధి కాదు. మనమూ ఏం తక్కువ కాదులెండి, ఇక్కడ సిగ్నల్ దగ్గర బుద్ధిగా ఆగి, బెజవాడ బెంజి సర్కిల్ గురించి ఉపన్యాసాలు ఇస్తాం.

అన్నట్టు ఆగస్టు అల్లర్ల సంగతి. సౌత్‌పోర్ట్‌లో డాన్సు క్లాసులో ముగ్గురు పసిపిల్లల్ని పొడిచి చంపారు, చంపింది పడవెక్కి వచ్చిన వలసవాడని ఎవడో ఆన్‌లైన్లో పేరుతో సహా పుట్టించాడు, నిజానికి ఆ కుర్రాడు కార్డిఫ్‌లోనే పుట్టాడు. ఆ పుకారుకే మసీదు మీదికి, హోటళ్ళ మీదికి వెళ్ళారు. లండన్‌లోని మన హైకమిషన్ కూడా భారతీయులు జాగ్రత్త అని ప్రకటన ఇచ్చింది. అంటే నేను అడగడానికి కారణం ఉంది, ఊసుపోక అడగలేదు. ఒకట్రెండు రోజులకి వేలమంది అల్లర్లకి ఎదురుగా రోడ్లమీదికి వచ్చారు, ఆ ఫొటోలు మర్నాడు అక్కడి పేపర్ల మొదటి పేజీల నిండా ఉన్నాయి, అప్పుడు మాత్రం ఈయనే నా సీటు దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు. ఫోన్లో చూసింది పనికిరాదన్నావుగా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఇంక్రిమెంట్ల నెల.

తర్వాత సెప్టెంబర్ 1న బెజవాడలో మా బుడమేరు పొంగింది. మా అక్క వాళ్ళది సింగ్‌నగర్. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు, పడవలు కొట్టుకొచ్చి గేట్లకి గుద్దుకోవడం, డ్రోన్ షాట్లు, వెనక ఆ గుండెలు బాదుకునే మ్యూజిక్కు, నేను ఇక్కడ దుబాయ్ కరామాలో రూములో కూర్చుని తెల్లారేదాకా యూట్యూబ్‌లో లైవ్ చూస్తూనే ఉన్నా. అక్క ఫోన్లో, "ఏం కాలేదురా, మేడ మీదున్నాం, కరెంటు లేదు, పాలు దొరకట్లేదు, చార్జింగ్ అయిపోద్ది పెట్టెయ్" అంటుంది. నీళ్ళలో ఉన్నదానికంటే నాకే ఎక్కువ భయం. ఆ వారం బీబీసీలో కూడా విజయవాడ వరద వార్త వచ్చింది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. మా సీనియర్ మాత్రం అడగలేదు. చూడలేదో, చూసి ఆగస్టు గుర్తొచ్చి ఊరుకున్నాడో నాకు తెలీదు. అడిగితే నాకూ కోపం వచ్చేదేమో, చెప్పలేను, అడగలేదని మాత్రం వచ్చింది.

2025 జూన్ 23 రాత్రి ఇరాన్ ఖతార్‌లో ఉన్న అమెరికా బేస్ మీదికి మిసైళ్ళు వేసినప్పుడు దుబాయ్‌లో కూడా కాసేపు ఫ్లైట్లు ఆపేశారు. పొద్దున్నే ఆఫీసులో అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఈయన వాళ్ళమ్మకి ఇక్కడి పేపర్ లింకు పంపించాడంట, అంతా మామూలుగానే ఉందని. "అక్కడి పేపరు అలా కాక ఎలా రాస్తుంది" అని ఆవిడ తిప్పి కొట్టిందంట. చెప్పి తనే నవ్వాడు, ఎందుకంటే వేరేవాళ్ళయితే ఆయనా అదే అనేవాడు.

మా ఇంట్లో ఇంకో తంతు. అమ్మ చూసే చానల్లో ఎర్ర మ్యాపు, ఇరాన్ నుంచి బాణాలు, కింద గల్ఫ్‌లో యుద్ధం అని. పడింది ఖతార్‌లోనమ్మా, ఇక్కడ కాదు, మనకి హైదరాబాద్ ఎంతో దానికంటే కూడా దూరం అన్నాను.

"హైదరాబాద్‌లో బాంబు పడితే నేనిక్కడ పడుకుంటానంట్రా?" అంది.