ల్యాబ్‌లో నెగ్గిన మెంబ్రేన్ ప్లాంటులో ఎందుకు చతికిలబడుతుంది

పర్యావరణ సాంకేతికతలో చాలా కంపెనీలు దెబ్బతినేది ల్యాబ్ దాటాక, మొదటి ప్లాంటు నిలదొక్కుకునేలోపు. వ్యర్థజలాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడానికి పెట్టే ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) మెంబ్రేన్ల సంగతే తీసుకుందాం. ఒత్తిడితో నెట్టిన నీటిని వదిలి, లవణాలను ఆపే పల్చని పొరలివి. ఒక సరుకు ఎలా పుట్టి, ఎలా పాకుతుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో అందులో బాగా తెలుస్తుంది.

1950ల చివర్లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ అసిటేట్ పొరను కొత్త పద్ధతిలో తయారుచేశారు. పైన అతి పల్చని బిగువైన పొర, దాని కింద గుల్లగా ఉండే ఆధారం. ఉప్పును ఆపుతూనే అంతకుముందు పొరలకంటే ఎన్నో రెట్లు నీటిని వదిలింది. 1965లో కాలిఫోర్నియాలోనే కోలింగా అనే ఊరికి ఆర్వో ప్లాంటు నీళ్లిచ్చింది. 1970ల్లో జాన్ కాడోట్ పాలీఅమైడ్ పొరను అభివృద్ధి చేశారు. ఆయన సహవ్యవస్థాపకుడిగా 1977లో మొదలైన మెంబ్రేన్ల కంపెనీ ఫిల్మ్‌టెక్‌ను 1985లో రసాయనాల దిగ్గజం డౌ కొనేసింది. చిన్న సంస్థ కనిపెట్టడం, పెద్ద సంస్థ కొని ప్రపంచమంతా అమ్మడం ఈ రంగంలో మామూలే.

నన్నడిగితే, వ్యాప్తికి పేటెంట్ల కన్నా ఎక్కువ పనికొచ్చింది ఒక కొలత: 8 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు. ఈ సైజు ఎలిమెంట్ (మెంబ్రేన్‌ను చుట్టగా చుట్టి చేసిన గొట్టం) ఎవరు చేసినా ఎవరి వెసెల్‌లోనైనా (ఎలిమెంట్లను వరసగా దూర్చే ప్రెషర్ గొట్టం) దాదాపుగా పడుతుంది, మహా అయితే అడాప్టర్ మార్చాలి. దాంతో "రేపు మీ కంపెనీ మూతపడితే నా ప్లాంటు గతేంటి?" అని అడిగే కొనుగోలుదారుకు జవాబు దొరికింది. కొత్త సాంకేతికత తెచ్చేవాళ్లు సొంత సైజు, సొంత కనెక్టర్ పెట్టి కస్టమర్‌ను కట్టిపడేయాలని చూస్తారు. మొదటి రెండు ఆర్డర్లకు అది లాభంగానే కనిపిస్తుంది, మూడోది రాదు.

ఇక పైలట్, అంటే అసలు ప్లాంటుకు ముందు చిన్న ఎత్తున నడిపి చూడటం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక్క ఎలిమెంట్ పెట్టి నడిపితే ఒక్కసారికి శుద్ధి అయి వచ్చేది లోపలికెళ్లిన నీటిలో 10 నుంచి 15 శాతం. అసలు ప్లాంటులో వెసెల్‌కు ఆరు ఎలిమెంట్లు, రెండు స్టేజీలు (మొదటిదాంట్లో మిగిలిన నీరు రెండోదాంట్లోకి వెళ్లేలా) పెట్టి 75 శాతం రాబడతారు. అంటే రిజెక్ట్‌లో (పొర దాటకుండా బయటికిపోయే నీటిలో) లవణాలు నాలుగు రెట్లవుతాయి. రికవరీని (రాబట్టే శుద్ధ నీటి శాతాన్ని) 85 శాతానికి పెంచితే దాదాపు 6.7 రెట్లు. సేల్స్‌వాళ్ల కాగితం మీద పెరిగింది పది శాతమే, చివరి ఎలిమెంట్ మీద భారం మాత్రం 1.7 రెట్లయింది. కాల్షియం సల్ఫేట్, సిలికా పేరుకునేది అక్కడే. అందుకే పైలట్‌లో రిజెక్ట్‌ను వెనక్కి తిప్పి ఫీడ్‌లో (లోపలికెళ్లే నీటిలో) కలిపి, ప్లాంటు చివరి ఎలిమెంట్ చూసే గాఢతనే ఇక్కడా తెప్పించాలి.

నీళ్లను ట్యాంకర్లో తెచ్చుకుని పరీక్షించడం దండగ. దారిలోనే బ్యాక్టీరియా పెరుగుతుంది, మడ్డి అడుగుకు చేరుతుంది. పైలట్ స్కిడ్‌నే (చట్రం మీద బిగించిన చిన్న ప్లాంటును) ఫ్యాక్టరీ కాలువ పక్కకు తీసుకెళ్లి, కనీసం మూడు నెలలు నడపాలి. బ్యాచ్ మార్పు, ట్యాంకులు కడిగే రోజు, షట్‌డౌన్ తర్వాత మొదటి రోజు, ఇవన్నీ ఆ మూడు నెలల్లో రావాలి. ఫీడ్ ఎంత మురికిదో చెప్పే ఎస్‌డీఐ (సిల్ట్ డెన్సిటీ ఇండెక్స్) రోజూ చూడాలి. 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా 30 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర 500 మిల్లీలీటర్లు దిగడానికి ఎంత సమయం పడుతుందో కొలిచి, 15 నిమిషాలు నడిచాక మళ్లీ కొలిచి లెక్కగడతారు. 5 దాటిందంటే ముందు ప్రీట్రీట్‌మెంట్‌ను (మెంబ్రేన్‌కు చేరేముందు చేసే శుద్ధిని) సరిచేయండి. అప్పటిదాకా మెంబ్రేన్‌ను తిట్టి లాభం లేదు.

పాలీఅమైడ్‌కు క్లోరిన్ పడదు. బ్యాక్టీరియా కోసం ముందు క్లోరిన్ వేసి, మెంబ్రేన్‌కు చేరేలోపు సోడియం మెటాబైసల్ఫైట్‌తో దాన్ని పోగొడతారు. లెక్క ప్రకారం 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు 1.34 మిల్లీగ్రాములు చాలు, వాడుకలో మాత్రం 3 దాకా వేస్తారు. ఈ మందు వేసే డోసింగ్ పంపులో గాలి చేరి ఆగిపోతే ఎవరికీ తెలియదు. కొన్నాళ్లకు పర్మియేట్‌లో (శుద్ధి అయి వచ్చే నీటిలో) ఉప్పు పెరుగుతుంది, ఆ నష్టం తిరిగిరాదు. ఓఆర్‌పీ మీటర్‌ను (నీటిలో క్లోరిన్ మిగిలితే పట్టిచ్చేది) హైప్రెషర్ పంపుకు ఇంటర్‌లాక్ చేయని, అంటే క్లోరిన్ కనిపించగానే పంపు దానంతటదే ఆగిపోని డిజైన్‌ను నేనైతే అసలు ఒప్పుకోను.

కడిగేటప్పుడు వరస కూడా ముఖ్యం. సేంద్రియ మడ్డి ఉంటే ముందు క్షారంతో, ఆ తర్వాత ఆమ్లంతో కడగాలి. ఆమ్లం ముందు పోస్తే ఆ మడ్డి గట్టిపడి కూర్చుంటుంది. నీటి ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ సెల్సియస్ తగ్గితే ఫ్లో దాదాపు 3 శాతం పడిపోతుంది. చలికాలంలో నీళ్లు పది డిగ్రీలు చల్లబడితే, మెంబ్రేన్ పాడైందని కస్టమర్ ఫోన్ చేస్తాడు. అన్ని రీడింగులనూ 25 డిగ్రీలకు సవరించాకే పోల్చాలి. అలా సవరించిన ఫ్లో 10 నుంచి 15 శాతం పడినప్పుడు కడగాలి, ఇంకా ఆగితే మురికి వదలదు.

మొదటి కస్టమర్‌గా ఉండటానికి ఎవరూ ముందుకు రారు. ప్లాంటు మనమే పెట్టి, మనమే నడిపి, కిలోలీటరుకు ఇంత అని తీసుకునే ఒప్పందం ఆ భయాన్ని తీరుస్తుంది. దానికి పెట్టుబడి బాగా కావాలి. గ్యారంటీ రాసేటప్పుడు బయటికొచ్చే నీటి నాణ్యత ఒక్కటే రాసి సంతకం పెట్టే కంపెనీలు మునిగిపోతాయి. లోపలికొచ్చే నీటికీ హద్దులు రాయాలి: సీఓడీ (సేంద్రియ మురికి కొలత), సిలికా, నూనె, ఉష్ణోగ్రత, పీహెచ్, దేనికి ఎంత గరిష్ఠమో. ఆ కొలతలు ఏ పాయింట్లో తీయాలో, ఎవరు తీయాలో కూడా.

పేటెంట్ లేకుండానే విస్తరించిన సాంకేతికతలూ ఉన్నాయి. ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువులకు బదులు ఐసోబ్యుటేన్ వంటి హైడ్రోకార్బన్లతో నడిచే గ్రీన్‌ఫ్రీజ్ ఫ్రిజ్‌ను గ్రీన్‌పీస్, జర్మనీ కంపెనీ ఫోరాన్ కలిసి 1990ల మొదట్లో తెచ్చాయి. డిజైన్‌ను అందరికీ వదిలేశారు, మిగతా తయారీదారులు అందుకున్నారు. అక్కడ అడ్డొచ్చేది రిపేరు దగ్గరే. ఐసోబ్యుటేన్ మండే వాయువు, లైన్‌లో అది ఉండగా టార్చ్ మంటతో పైపులను అతికే బ్రేజింగ్ చేయకూడదు. మెకానిక్‌లకు శిక్షణ, మంట లేకుండా పైపులు కలిపే ప్రెస్ ఫిటింగులు అందకపోతే, ఎంత మంచి ఫ్రిజ్ అయినా బాగుచేసే నాథుడుండడు.

ఆర్వోకూ అంతే. అప్పగించే రోజున ఆపరేటర్ చేతికి ఒక లాగ్ షీట్ వెళ్లాలి: ఫీడ్ ప్రెషర్, ఒక్కో స్టేజీకి ప్రెషర్ తేడా, పర్మియేట్ ఫ్లో, కండక్టివిటీ (నీటిలో ఉప్పు ఎంతో చెప్పేది), ఉష్ణోగ్రత, డోసింగ్ ట్యాంకు మట్టం. మొదటి 48 గంటల రీడింగులు అందులోనే రాసి ఉంచాలి, తర్వాత వచ్చే ప్రతి అంకెనూ వాటితోనే పోల్చాలి కాబట్టి.