మూడోసారి తాళం

పొద్దున పెళ్ళికి బయల్దేరేసరికి ఆటో వచ్చి పది నిమిషాలైంది. నాన్న ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నారు. తాళం వేశారు, రెండుసార్లు గట్టిగా లాగారు, మెట్లు దిగారు, మళ్ళీ ఎక్కారు. గ్యాస్ కట్టామో లేదోనట. తాళం తీసి, లోపలికెళ్ళి, రెగ్యులేటర్ తడిమి చూసొచ్చారు. మళ్ళీ వేశారు కాబట్టి మళ్ళీ లాగాలి. ఈలోపు నీళ్ళ మోటారు గుర్తొచ్చింది.

"మీ చాదస్తం మండిపోనూ! అవతల ముహూర్తం దాటిపోతోంది" అంది అమ్మ ఆటోలోంచి. ఆ వెంటనే, చాదస్తపు మొగుడు చెబితే వినడు గిల్లితే ఏడుస్తాడని సామెత కూడా గొణిగింది. ఆటో అతను ఫక్కున నవ్వాడు.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ 'చాదస్తం' అన్న మాటే బుర్రలో తిరిగింది. ఛందస్సు అనగానే మనకి ఉత్పలమాల, చంపకమాల, తెలుగు మాస్టారి బెత్తం. కానీ సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని 'ఛందసి' అన్నాడంటే 'వేదంలో' అని. ఆ ఛందస్సు చదువుకున్నవాడు ఛాందసుడు. నిజానికి తిట్టు కాదు, బిరుదు! జనం నోళ్ళలో నలిగి, ఒత్తూ సున్నా రాలిపోయి, చాదస్తమై మా నాన్న నెత్తిన పడింది.

ఎందుకలా దిగజారిందో ఊహించడం కష్టం కాదు. వేదాన్ని నోటితోనే నిలుపుకోవాలి, ఒక్క స్వరం జారకూడదు. అందుకే ఘనపాఠమని పెట్టుకున్నారు. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, మళ్ళీ ఒకటి-రెండు-మూడు. పదాల్ని ఇలా ముందుకీ వెనక్కీ వల్లిస్తూ పోవాలి. బయట నుంచుని వినేవాడికి విసుగు రాదూ? ఆ విసుగులోంచే ఈ అర్థం పుట్టి ఉంటుందని నా అనుమానం. 2003లో యునెస్కో వాళ్ళు ఆ వల్లెవేతనే మానవజాతి వారసత్వమన్నారు. అమ్మ మాత్రం అనదు.

గ్యాస్-తాళం, తాళం-గ్యాస్, గ్యాస్-తాళం-మోటారు. పొద్దున జరిగింది ఘనపాఠమే కదా!

భోజనాల దగ్గర నాన్నకి ఇదంతా చెప్పాను. పప్పు కలుపుతున్న చెయ్యి ఆపి, "అయితే నేను ఘనపాఠీనన్నమాట" అని మురిసిపోయారు. రెండు ముద్దలు తిన్నాక నావైపు వంగి, "మోటారు కట్టాను కదూ?" అన్నారు.

అమ్మ వడ్డించే అబ్బాయిని పిలిచి, ఆయన విస్తట్లో ఇంకో బూరె వేయించింది.