మాట్లాడనప్పుడు ఏం చేస్తుందో చూడండి

మొన్న పండక్కి అందరం ఒకచోట చేరాం, భోజనాలయ్యి ఇలా కూర్చున్నామో లేదో మొదలైంది గొడవ, ఎప్పట్లాగే సినిమాల దగ్గరే. మా తమ్ముడికి సాయిపల్లవి అంటే ప్రాణం. మా వదినకి 'ది గర్ల్‌ఫ్రెండ్' చూసినప్పట్నుంచి రష్మిక తప్ప ఇంకెవరూ ఆనట్లేదు. మా పిన్నికైతే సావిత్రి పోయాక తెర మీద నటించే మనిషే పుట్టలేదు, ఆ మాట ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉంది.

తమ్ముడేమో "తండేల్ చూశావు కదా వదినా, సత్య పాత్ర వేరే ఎవరు చేసినా హీరో కోసం ఎదురుచూసే అమ్మాయిలా మిగిలిపోయేది, ఈమె చేసింది కాబట్టి ఆ కోపం కూడా ప్రేమలాగే కనపడింది" అంటాడు. వదిన ఊరుకుంటుందా, "మరి పుష్ప 2 జాతర సీన్‌లో శ్రీవల్లి నోరు విప్పాక థియేటర్ ఎలా ఊగిపోయిందో చూడలేదా నువ్వు, అంత పెద్ద హీరో పక్కన నిలబడి ఆ సీన్ తన వైపు లాక్కుంది" అని. ఇంక అక్కడ్నుంచి కలెక్షన్లు, ఎవరికి ఎన్ని హిట్లు, ఎవరు డాన్సు బాగా చేస్తారు, ఎవరు సొంతంగా డబ్బింగ్ చెప్పుకుంటారు, అన్నీ వచ్చేశాయి.

నేను చాలాసేపు వింటూ కూర్చున్నా. వింటుంటే ఒకటి అనిపించింది, ఇద్దరూ చెప్తున్న సీన్లన్నీ ఆ అమ్మాయి మాట్లాడే సీన్లే, ఏడ్చే సీన్లే, లేదా ఎవర్నో నిలదీసే సీన్లే. అంటే డైలాగు బరువుని నటన బరువు అనుకుంటున్నాం మనం. డైలాగు రాసింది రైటరు, దాన్ని లేపింది వెనకాల మ్యూజిక్కు, క్లోజప్ పెట్టింది డైరెక్టరు. ఆమె వాటా లేదని కాదు, ఉంది, కానీ ఎంతుందో ఆ సీన్‌లో తేల్చడం కష్టం. నేను చూసేది వేరే. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆమె ఏం చేస్తోంది? వింటోందా, లేక తన డైలాగు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉందా? ఈ ఒక్కటి చూస్తే నాకు చాలు, అసలు రంగు అక్కడే తెలిసిపోతుంది.

ఏడుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సావిత్రి జీవితకథ 'మహానటి'లో అందరూ చెప్పుకునే సీన్ ఒకటుంది కదా, ఎడమ కంట్లోంచి రెండు చుక్కలు మాత్రమే రావాలి అంటే సావిత్రి సరిగ్గా అంతే రాలుస్తుంది. అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. కానీ సావిత్రిగా చేసిన కీర్తి సురేష్‌కి నేషనల్ అవార్డు ఆ రెండు చుక్కలకే వచ్చిందంటే నేనొప్పుకోను. ఆ సినిమాలో ఆమె గొప్పదనం వయసు మారుతున్న కొద్దీ నడక మారడంలో ఉంది, నవ్వు మారడంలో ఉంది, మొదట్లో ఎవరేమన్నా పట్టించుకోని ఆ పిల్ల చివరికొచ్చేసరికి ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో అని కళ్ళెత్తి చూసే తీరులో ఉంది. తెలుగు సినిమాకి ఉత్తమ నటిగా నేషనల్ అవార్డు తెచ్చినవాళ్ళు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, 'నిమజ్జనం'కి శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి, తర్వాత ఈమె. 'దాసి' చూడనివాళ్ళు ఒకసారి చూడండి, అర్చన ఆ సినిమాలో ఎంత తక్కువ మాట్లాడుతుందో, ఎంత ఎక్కువ చెబుతుందో.

సరే, మా పిన్ని ఊరుకోలేదు. "మీరంతా ఆగండి" అని ఫోన్ తీసి టీవీలో 'మాయాబజార్' పెట్టించింది, సరాసరి 'అహ నా పెళ్ళియంట' దగ్గరికి. 1957 సినిమా. చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు కానీ ఈ చర్చ తలలో తిరుగుతుండగా చూస్తే వేరేగా కనపడింది. అక్కడున్నది శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే సావిత్రి చేయాల్సింది ఎస్వీ రంగారావు ఆడపిల్లలా నటిస్తే ఎలా ఉంటుందో అది. పాట సుశీల గొంతులో వస్తున్నంతసేపూ ఒళ్ళంతా ఒయ్యారం, మధ్యలో ఘంటసాల గొంతు వచ్చేసరికి ఆ భుజాలు విచ్చుకుంటాయి, రొమ్ము ముందుకొస్తుంది, అడుగు బారెడు పడుతుంది, మళ్ళీ గుర్తొచ్చినట్టు సర్దుకుని సిగ్గుపడుతుంది. ఆ సర్దుకునే అరక్షణం చూడండి. అక్కడ ఆమెకి తన గొంతు లేదు, రెండు గొంతులూ వేరేవాళ్ళవే, డైలాగు లేదు, ఒళ్ళు ఒక్కటే ఉంది. "చూశారా" అంది పిన్ని, ఇంకేమీ అనలేదు. తమ్ముడు కూడా నోరెత్తలేదు.

గొంతు మాటొచ్చింది కాబట్టి దాని గురించి కూడా. మనం హీరోయిన్ల నటన గురించి కొట్టుకునేటప్పుడు సగం నటన ఇంకొకరిదని మర్చిపోతాం. 'ఏ మాయ చేసావె'లో జెస్సీని ప్రేమించాం అంటే సమంత కళ్ళనీ చిన్మయి గొంతునీ కలిపి ప్రేమించాం. అందులో చిన్మయి వాటా ఎంత అని ఎవరూ అడగరు. మగవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, 'అరుంధతి'లో సోనూ సూద్‌ని చూసి వణికిపోయాం కానీ ఆ 'వదల బొమ్మాళీ' గొంతు రవిశంకర్‌ది. డబ్బింగ్ ఆర్టిస్టుల పేర్లు టైటిల్స్‌లో అలా వచ్చి అలా పోతాయి, పోస్టర్ మీద ఉండవు, ఫ్యాన్స్ గొడవల్లో అసలే ఉండవు. అందుకే ఎవరైనా భాష కానివాళ్ళు వచ్చి సొంత గొంతుతో చెప్పుకుంటే నాకు గౌరవం రెట్టింపు అవుతుంది. 'ఫిదా'లో సాయిపల్లవి తమిళనాడు నుంచి వచ్చి బాన్సువాడ భానుమతిగా తెలంగాణ యాసలో తనే డబ్బింగ్ చెప్పుకుంది. ఆ యాస నూటికి నూరుపాళ్ళు కుదిరిందా లేదా అనేది ఆ పక్కవాళ్ళు చెప్పాలి, నాకు మాత్రం ఆ అమ్మాయి అరిచినా గొణిగినా ఒకే మనిషిలా వినపడింది, మొహం ఒకచోట గొంతు ఒకచోట ఉన్నట్టు ఎక్కడా అనిపించలేదు. ఇక్కడ తమ్ముడితో నేను పూర్తిగా ఏకీభవిస్తా. 'విరాటపర్వం' థియేటర్లలో నిలబడలేదని వాడు ఇప్పటికీ బాధపడతాడు, నాకూ బాధే, అందులో సాయిపల్లవి చేసిన వెన్నెలలాంటి పాత్రలు మళ్ళీ మళ్ళీ రాయరు.

నిలబడకపోవడం అంటే గుర్తొచ్చింది, నాకు ఒళ్ళుమండే సంగతి. సినిమా పోతే హీరోయిన్‌ని ఐరన్ లెగ్ అంటారు, ఆడితే గోల్డెన్ లెగ్. హీరోకి వరసగా నాలుగు పోయినా సరైన కథ పడలేదు పాపం అంటారు. రెండు పాటలూ మూడు సీన్లూ ఇచ్చి, పాత్రకి ఒక ఉద్యోగం కూడా రాయకుండా, చివర్లో ఈమెకి యాక్టింగ్ రాదు అని తేల్చేస్తే అది ఏం న్యాయం? 'బేబీ' వచ్చినప్పుడు ఇంకో అన్యాయం చూశాను, అందులో హీరోయిన్ పాత్ర చేసిన పనులకి ఆ పాత్ర వేసిన వైష్ణవి చైతన్యని తిట్టారు. షార్ట్ ఫిల్మ్‌ల నుంచి, యూట్యూబ్ నుంచి కష్టపడి వచ్చిన తెలుగమ్మాయి, ఆ పాత్ర మీద మీకంత కోపం వచ్చిందంటే ఆమె బాగా చేసిందనే కదా అర్థం.

ఇంక 'ది గర్ల్‌ఫ్రెండ్' దగ్గరికొస్తా, ఎందుకంటే వదిన చెప్పిన రష్మికని నేనూ ఒప్పుకుంటున్నా కానీ వదిన చెప్పిన కారణానికి కాదు. 2025 నవంబర్‌లో వచ్చింది, రాహుల్ రవీంద్రన్ తీశాడు. అందరూ క్లైమాక్స్ గురించే మాట్లాడతారు, బాగుంది, నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నన్ను పట్టేసింది మాత్రం భూమ, అంటే రష్మిక పాత్ర, తన బాయ్‌ఫ్రెండ్ విక్రమ్ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అతని అమ్మని చూసే సీన్. ఆ తల్లిగా చేసింది రోహిణి. మాటలు దాదాపు లేవు ఆ పాత్రకి, మనిషి ఇంట్లోనే ఉంటుంది కానీ లేనట్టే ఉంటుంది. ఆమెని భూమ చూస్తుంది. మొదట మామూలుగా, పెద్దావిడని చూసినట్టు. తర్వాత చూపు అక్కడే ఆగిపోతుంది. రష్మిక అక్కడ ఏడవలేదు, కళ్ళు పెద్దవి చేయలేదు, ఊపిరి మాత్రం కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, తన రేపు ఎలా ఉంటుందో ఎదురుగా కూర్చుని ఉంటే మనిషి ఎలా బిగుసుకుపోతుందో అలా. ఇన్నాళ్ళూ రష్మిక అంటే హుషారు, ముద్దుమాటలు అనుకున్నదాన్ని నేను, ఆ సీన్‌లో నా అభిప్రాయం మార్చుకున్నా. రోహిణి గురించి ఎంత చెప్పినా తక్కువే, తమిళ 'బొంబాయి'లో మనీషా కొయిరాలాకి గొంతిచ్చిన మనిషి, తన గొంతుతో ఎంతమందినో నిలబెట్టిన మనిషి, ఇక్కడ మాటే లేకుండా కూర్చుని మనల్ని ఏడిపించింది.

ఇదే చెప్పాను ఆ రోజు. వదిన "నేను కూడా అదే అంటున్నా కదా" అంది, తమ్ముడేమో "అక్కా, నువ్వు పార్టీ మారావు" అన్నాడు. పార్టీ కాదురా, సీన్ చూడు అని ఓటీటీలో పెట్టాను. పిన్ని కొత్త సినిమాలు చూడదు, లేచి లోపలికి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది, అక్కడే తలుపు పట్టుకుని నిలబడి చూసింది. సీన్ అయిపోయింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

"ఆ తల్లి ఎవరే?" అంది పిన్ని.

రోహిణి పిన్నీ, నటుడు రఘువరన్ మాజీ భార్య, అని చెప్పాను.

వచ్చి సోఫా చివర కూర్చుంది. "ఆ పిల్ల ఆమెని చూస్తుంది చూడూ, అక్కడికి మళ్ళీ పెట్టు" అంది.