60 మిల్లీలీటర్ల నూనె

మా ఇంట్లో నెలకి రెండు ఆదివారాలు బంగాళదుంపలు వేయిస్తాం. ఆ పని నాదే. ఆ కాసేపూ స్టవ్ దగ్గరికి ఎవరినీ రానివ్వను.

రెండేళ్ల కిందట రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 210 వచ్చాయి. 150 లోపు ఉండాలి. డాక్టరు గారు చెప్పినవి రెండే ముక్కలు: చక్కెర తగ్గించండి, రోజూ నడవండి. నేను ఇంటికొచ్చేసరికి వాటిని ఇరవై చేసుకున్నాను. చక్కెర, వెన్న, మైదా అన్నీ వంటింటి పై అరలోకి ఎక్కిపోయాయి. స్టూలు వేసుకుంటే తప్ప అందకూడదని.

అలా ఎనిమిది నెలలు నోరు కట్టుకున్నాను. నాతోపాటు ఇంట్లో వాళ్లందరి నోళ్లూ కట్టేశాను, అదీ తప్పు. అమ్మాయి పుట్టినరోజుకి ఖర్జూరం, అరటిపండు, ఓట్స్ పిండి కలిపి కేక్ చేశాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "నాన్నా, ఇది కేకా, మందా?" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నేను మాత్రం పట్టుదలగా రెండు ముక్కలు తిని, చాలా బాగుందన్నాను.

ఆ రాత్రి పదకొండింటికి స్టూలు వేసుకుని చక్కెర డబ్బా దింపాను. పీనట్ బటర్ సీసాలో చక్కెర పోసుకుని, చీకట్లో నిలబడి, స్పూనుతో తిన్నాను. మొదటి స్పూను ఆకలితో తిన్నదే. మూడో స్పూను దగ్గర "ఎలాగూ చెడింది కదా, రేపట్నుంచి మళ్లీ మొదలుపెడదాం" అనుకున్నాను. సీసా అడుగు కనపడింది. నిండా మునిగాక చలేమిటి అంటారే, అచ్చం అదే.

తర్వాత తెలిసింది, ఇదేమీ నా ఒక్కడి కక్కుర్తి కాదని. 1975లో హెర్మన్, మ్యాక్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, ఆ తర్వాత రుచి చూసి చెప్పమంటూ ఐస్‌క్రీమ్ పెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. తిండి విషయంలో తమని తాము కట్టడి చేసుకునేవాళ్లు మాత్రం, మిల్క్‌షేక్ తాగనప్పటికంటే తాగాకే ఎక్కువ లాగించారు. అది చదివి నాకు ఊరట కలిగిందో, సిగ్గేసిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ సీసా దెబ్బతో "చీట్ మీల్", అంటే పథ్యాన్ని మోసం చేసి ఒక పూట తినే తిండి, అనే మాట మా ఇంట్లో నిషేధించాను. ఎవర్ని మోసం చేస్తున్నాం? డబ్బు పెట్టి కొన్నది మనమే, వండింది మనమే, తినేదీ మనమే.

తినాలనిపించింది ఇంట్లోనే, అసలైన పద్ధతిలో, అందరం కూర్చుని తినాలని అనుకున్నాం. దుంపల్ని వేలి మందాన కోసి అరగంట చన్నీళ్లలో వేస్తాను. నీళ్లు పాలలా తెల్లబడతాయి, అదంతా పిండి. తీసి బట్ట మీద ఆరబెట్టి, ఒక్కొక్కటీ తుడుస్తాను (అమ్మాయి దీన్ని "దుంపలకి స్నానం" అంటుంది). మొదట 150 డిగ్రీల నూనెలో, రంగు రాకుండా, మెత్తబడేవరకు. తీసి చల్లారనిచ్చి, రెండోసారి 180లో బంగారు రంగు వచ్చేదాకా. అంతకు మించి గోధుమ రంగుకి పోనివ్వను. పిండిపదార్థం మరీ ఎర్రగా వేగే కొద్దీ అక్రిలమైడ్ అనే పనికిమాలిన రసాయనం ఎక్కువ పుడుతుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, దుంప నూనెలో బుడగలు కక్కుతున్నంతసేపు లోపలి నీరు ఆవిరై బయటికి తోస్తుంటుంది కాబట్టి నూనె పెద్దగా లోపలికి పోలేదు. బయటికి తీశాక చల్లారుతున్నప్పుడే పైన అంటుకున్న నూనెని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే తీసిన వెంటనే జల్లెడ దులిపి కాగితం మీద పోయాలి. ఆ అర నిమిషంలో ఫోన్ మోగినా నేను ఎత్తను.

ఒక ఆదివారం బుద్ధి పుట్టి నూనె కొలిచాను. మూకుడులో పోసింది 750 మిల్లీలీటర్లు. చల్లారాక వడకడితే 690 మిగిలింది. పోయింది 60. తిన్నది నలుగురం. కాగితం పీల్చింది వదిలేసినా మనిషికి 15, అంటే ఒక పెద్ద స్పూను, దాదాపు 120 కేలరీలు. ఇంతేనా!

అదే ఊపులో, నేను బాగా తింటున్నానని మురిసిపోయే రోజుల్ని కూడా కొలిచాను. అక్కడ పరువు పోయింది. సలాడ్ మీద సీసా వంచి పోసుకునే ఆలివ్ నూనె మూడు స్పూన్లు. ఆరోగ్యం కదా అని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నోట్లో వేసుకునే బాదం మూడు గుప్పెళ్లు, అంటే 500 కేలరీలు పైమాటే. ఓట్స్‌లో రెండు పెద్ద స్పూన్ల తేనె, అందులోనే 34 గ్రాముల దాకా చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె కూడా చక్కెర కిందికే వస్తుంది. వీలైతే రోజంతటికీ 25 గ్రాములు దాటొద్దంటుంది. నేను పొద్దున్నే దాటేసి, సాయంత్రం దుంపల్ని తిట్టేవాణ్ణి.

ఇప్పుడు బాదం ఒక గుప్పెడు, గిన్నెలో పోసుకుని కూర్చుని తింటాను. తేనె ఒక చిన్న స్పూను. నూనె సీసా వంచడం మానేసి స్పూనుతో పోస్తాను. ట్రైగ్లిజరైడ్స్ మొన్న 138 వచ్చాయి. నడక వల్లా, దీనివల్లా అంటే నేను చెప్పలేను, రెండూ చేశాను.

ఆదివారం దుంపలు తిన్న మర్నాడు పొద్దున త్రాసు ఇంకా ఒక కిలో ఎక్కువే చూపిస్తుంది. మొదట్లో టెన్షన్ పడి మధ్యాహ్నం తిండి మానేసేవాణ్ణి. ఉప్పు పట్టి ఉంచిన నీళ్లవి, బుధవారానికి పోతాయి. మా ఆవిడ ఏకంగా "సోమవారం దాని మీద ఎక్కకండి" అని త్రాసుని మంచం కిందికి తోసేసింది.

ఈ నెల మళ్లీ అమ్మాయి పుట్టినరోజు. కేక్‌లో ఖర్జూరం వేస్తే ఊరుకోనని ముందే చెప్పేసింది. రేపు పొద్దున్నే వెన్న ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి, మెత్తబడాలిగా.